దీనమ్మకు తగ్గిన నొప్పి

మంచినీళ్ళకొచ్చానంటే సరి, చేతిలో చెంబుండనే ఉంది, ఎవరూ అడగరు అనుకుంటూ దీనమ్మ చర్చి ఆవరణలో ఆగిన పళ్ళ డాక్టర్ల బస్సు వైపు ఓరగా చూసింది, ఎడమ దవడ మీద కొంగు బిగించింది, లోపల చిగురు సలుపుతోంది, కొత్త సంవత్సరం ఆరాధనలో ఇదే దవడ చూపించి, ప్రభువు ముట్టాడు, నొప్పి పోయింది అని సాక్ష్యం చెప్పింది తనే కదా, స్తోత్రం స్తోత్రం అని ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు, ఇప్పుడు వరసలో నిలబడితే, ఏం దీనమ్మత్తా, ప్రభువు ముట్టిన పన్ను డాక్టరమ్మ కూడా ముట్టాలా అని మిరపకాయల తొడిమలు తీసినంతసేపూ నవ్వుతారు, నిలబడకపోతే ఈ బస్సు మళ్ళీ ఎప్పుడొస్తుందో, గుంటూరు పోవాలంటే తోడుండాలి, తోడుండాల్సిన మొగుడు మరియదాసు ఆ గుంటూరు ఆసుపత్రికే వెళ్ళొస్తానని అంబులెన్సెక్కి మళ్ళీ రాలేదు, అప్పట్నుంచీ ఎవరు గడప దాటినా ఆమెకు దడే, ఆఖరికి ఈ పుచ్చుపన్ను పోతుందన్నా దిగులే.

నొప్పి ఆగిందంటే నయమైందని కాదమ్మా, లోపల నరం చచ్చిపోయిందని, చీము అడుగున పడుతూనే ఉంటుంది, డాక్టరమ్మ ముందున్నామెకు చెబుతోంది, దీనమ్మ చెంబుతో ఇంకాస్త దగ్గరికి జరిగింది, అంటే ఆ రోజు పోయింది నొప్పి కాదా, నరమా, చచ్చినదానికా తను అంతమందిలో స్తోత్రం చెప్పింది, కూడబలుక్కుని బైబిలంతా చదివిన మనిషికి ఈ ఒక్క ముక్క తెలియలేదే, సిగ్గుతో చెవులు కాలుతుంటే బస్సు పక్కనుంచి సంతోషకుమారి కూతుర్ని ఎత్తుకుని వెళ్ళిపోతోంది, ఆ పిల్ల స్తుతి బుగ్గ బన్నులా ఉబ్బింది, కన్ను సగం మూసుకుపోయింది, ఏమే, బస్సు ఇక్కడుంటే అటు పోతున్నావే, మాకెందుకత్తా బస్సు, నీకు ప్రార్థనతోనే పోలా, రాత్రంతా ఏడ్చింది, పొద్దుట్నుంచీ నొప్పి లేదంటోంది, వచ్చే ఆదివారం దీనిచేత కూడా సాక్ష్యం చెప్పిస్తా, దీనమ్మ పిల్ల బుగ్గ మీద చెయ్యేసింది, పెనంలా కాలుతోంది, తల్లి నవ్వుతూ నడిచిపోతోంది, చెబితే ఇంకెవరూ తన మాట నమ్మరు, ప్రార్థన కూటంలో వాక్యం చదవమనరు, పాస్టరయ్యగారు అక్కడే కుర్చీలో ఉన్నారు, అందరూ ఉన్నారు, సంతోషా ఆగవే, నాకు తగ్గలేదే, ఇదిగో చూడు అని కొంగు తీసి నోరు తెరిచింది, వరసంతా ఇటు తిరిగింది, ఎవరో కిసుక్కుమన్నారు, నవ్వనీ, తొందరపడి నోరు జారింది తను, ప్రభువు కాదు, ఇప్పుడు తగ్గేది తన పరువే, ఆయన మహిమ కాదు, పోతే పోనీ, ఈ పిల్ల మాత్రం ఇలా గేటు దాటకూడదు.