మామగారి చోటు

తేజేశ్వర్ ఆ ఇంటికి అల్లుడై నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళూ దివాన్‌లో గుమ్మం పక్కనే కూర్చున్నాడు. దివాన్ అంటే మరేమీ కాదు, నాష్‌విల్ శివార్లలో ఉన్న తన ఇంటి బేస్‌మెంట్‌ను హాజీ యాసీన్ అతిథిశాలగా మార్చుకున్నాడు. గోడల వెంబడి ఎర్ర తివాచీలు, పరుపులు, దిండ్లు. లోపలి గోడకు నడిమధ్య పరుపు హాజీది. అక్కణ్ణుంచి గుమ్మం దాకా వయసునూ వంశాన్నీ బట్టి వరస దిగుతూ వస్తుంది. చెప్పులు విడిచే చోటుకు ఆనుకుని ఉన్న ఆఖరి దిండు మన నరసరావుపేట అల్లుడిది. అక్కడ కూర్చోమని ఎవరూ అనలేదు. వరసలో పైకి రమ్మనీ అనలేదు. ఆ రెండో సంగతే అతనికి పంటికింద రాయిలా ఉండేది.

హాజీ యాసీన్ కుర్దు. సెరావీ తెగ నాయకుల వంశంలో మిగిలిన పెద్దాయన. ఇరాక్ ఉత్తరాన, దుహోక్ పైన కొండల్లో ఆ తెగకు ఒక లోయ ఉంది. కింద గోధుమ చేలు, వాల్‌నట్ తోటలు, పైన గొర్రెలు మేసే బీళ్ళు. పేరుకి అదంతా నాయకుడి ఇంటిదే. అలాగని ఆయన కాలు మీద కాలేసుకుని శిస్తు తినే జమీందారు కాడు. ఏ ఇంటివాళ్ళు ఏ చెక్క దున్నాలో, ఎవరి చేనుకి ఎప్పుడు నీళ్ళు పారాలో, ఎండాకాలం ఎవరి మంద ఏ కొండెక్కాలో ఆయనే చెప్పాలి. తగువులు తీర్చాలి. వచ్చినవాడికల్లా అన్నం పెట్టాలి. అలా చెప్పేవాణ్ణి ఆఘా అంటారు. ఆఘా లేకపోతే సెరావీలు ఒక తెగ కాదు, ఎవడి గొడవ వాడిదిగా బతికే కొన్ని కుటుంబాలు. అప్పుడిక ఆ లోయ ఎవడికి బలముంటే వాడిది.

ఈ మధ్యకాలంలో ఆ చోట్లో ఇద్దరు కూర్చున్నారు, ఇద్దరూ పోయారు. ముందు హాజీ అన్న, తర్వాత ఆ అన్న కొడుకు. పై బీళ్ళ కోసం కొండకవతలి తెగవాళ్ళు ఇద్దర్నీ కాల్చి చంపారు. ఇక ఆ వంశంలో మిగిలిన మగవాళ్ళు ఇద్దరే. కిడ్నీలు పాడై డయాలసిస్ మీద నెట్టుకొస్తున్న హాజీ, ఆయన కొడుకు దిలోవన్.

దిలోవన్ నాష్‌విల్‌లోనే పుట్టాడు. నర్సింగ్ చదువుతున్నాడు. వాడి కుర్దిష్ కంటే, నాలుగేళ్ళుగా భార్య దగ్గర పట్టుబట్టి నేర్చుకున్న తేజేశ్వర్ కుర్దిష్షే నయం. తెలుగులో మాత్రం వాడికి ఒక్క మాట బాగా వచ్చు, బావా అని. లోయను వాడు చూసింది ఫోన్‌లోనే. అందుకేనేమో దాని మీద అంత పిచ్చి. గోడ మీది తాత ఫొటో చూసి మీసం పెంచబోయాడు, అది సరిగా రాలేదు. "ఒక్క మాట అనండి నాన్నా, రేపే ఫ్లైట్ ఎక్కుతాను" అంటాడు. హాజీ అనడు. తెగ పెద్దలు ఫోన్లు చేశారు, మనుషుల్ని పంపారు. హాజీ వద్దంటే వద్దన్నాడు. ఆయన వద్దన్నంతకాలమే వాడు బతికుంటాడు. ఆ ఇంట్లో వాడికి తప్ప అందరికీ ఆ సంగతి తెలుసు.

ఒక శనివారం మధ్యాహ్నం కాలింగ్ బెల్ మోగింది. హాజీని డయాలసిస్ నుంచి తీసుకురావడానికి కూతురు షిలాన్ వెళ్ళింది. దిలోవన్ గరాజ్‌లో పాటలు పెట్టుకుని కారు కింద దూరి ఉన్నాడు. తేజేశ్వర్ తలుపు తీశాడు. గుమ్మంలో ఆరుగురు ముసలివాళ్ళు, సూట్ల మీద తలపాగాలతో నిలబడి ఉన్నారు. ఐదుగురు ఈ ఊళ్ళో ఉండే సెరావీలే, పెళ్ళిళ్ళలో చూసిన మొహాలు. ముందున్న ఆరో మనిషి మీర్‌ఖాన్. తెగలో ఆఘా తర్వాత ఆయన మాటే మాట. దుహోక్ నుంచి వచ్చాడు. హాజీ ఇంట్లో లేడని చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. ఆ సంగతి ముందే తెలిసినవాడిలా తలూపి, మిగతావాళ్ళతో మెట్లు దిగి దివాన్ గుమ్మంలో చెప్పులు విడిచాడు.

తేజేశ్వర్ భార్యకు ఫోన్ చేశాడు.

"మీర్‌ఖానా?" షిలాన్ గొంతు ఒక్కసారి మారిపోయింది. "తేజ్, విను. టీ ఇవ్వు, అంతే. కాఫీ పెట్టకు. నువ్వేం మాట్లాడకు, ప్లీజ్. నాన్నని కార్ ఎక్కిస్తున్నారు, వచ్చేస్తున్నాం."

అతనికి ఒళ్ళు మండింది. ఇంటికొచ్చిన పెద్దవాళ్ళ ముందు మూగవాడిలా నిలబడాలా? అయినా సరేనన్నాడు.

కిందికి వెళ్ళి అలవాటుగా గుమ్మం పక్క దిండు మీద కూర్చోబోతే మీర్‌ఖాన్ లేచాడు. వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "అక్కడ కాదు నాయనా. హాజీ లేనప్పుడు ఈ ఇంటికి పెద్ద నువ్వే కదా" అంటూ తీసుకెళ్ళి, తిన్నగా హాజీ పరుపు మీద కూర్చోబెట్టాడు. మిగిలిన ఐదుగురూ గుండె మీద చెయ్యి పెట్టుకుని తలలు వంచారు.

చెప్పొద్దూ, అతను ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఇన్నాళ్ళూ ఏ చోటు కోసం లోలోపల కుళ్ళిపోయాడో అది అడక్కుండానే దొరికింది. మనసులో ఓ మూల ఏదో కలుక్కుమంది. దివాన్ మరీ నిశ్శబ్దంగా ఉంది. ఆ ముసలివాళ్ళు తమలో తాము కూడా మాట్లాడుకోవడం లేదు. కానీ పొగిడించుకుంటున్న మనిషికి అవన్నీ ఎక్కడ కనబడతాయి?

"టీ తెస్తాను" అన్నాడు.

"కాఫీ అయితే బావుంటుంది. హాజీ ఇంటి చేదు కాఫీ" అన్నాడు మీర్‌ఖాన్ మెత్తగా.

పెద్దాయన నోరు తెరిచి అడిగాడు. లేదని ఎలా అంటాడు? షిలాన్‌కు చాదస్తం అనుకున్నాడు. పైకి వెళ్ళి కాఫీ కాచాడు. చిన్న కప్పుల్లో పోసి, ఒక్కొక్కరికీ రెండు చేతులా అందించాడు. ఆరుగురూ అందుకున్నారు. ఆరుగురూ పెదాలకు తగలకుండానే కప్పులు తివాచీ మీద పెట్టేశారు.

అతను మామగారి చోట్లో కూర్చుని చూస్తున్నాడు. ఎవరూ తాగరు, ఎవరూ మాట్లాడరు. కాఫీ మీద ఆవిరి తగ్గిపోయింది. మీర్‌ఖాన్ చూపు అతని మొహం మీద నుంచి కదలడం లేదు. నరసరావుపేటలో పెరిగినవాడికి ఇంతకంటే శిక్ష లేదు. ఇంటికొచ్చిన చుట్టం గుక్కెడు కాఫీ ముట్టకుండా కప్పు పక్కన పెట్టాడంటే ఆ ఇంట్లో ఏదో అపచారం జరిగినట్టే. చేతులు పట్టుకుని బతిమాలైనా తాగించాలి. కాసేపు ఓర్చుకున్నాడు. ఇక ఓర్చుకోలేకపోయాడు.

"తాగండి పెద్దాయనా. చల్లారిపోతోంది" అన్నాడు. మీర్‌ఖాన్ కదల్లేదు. అతను నవ్వుతూ, వచ్చిన కుర్దిష్ అంతా కూడదీసుకుని, మనవాళ్ళు ఎన్నో గుమ్మాల్లో ఎన్నోసార్లు అనే మాటే అన్నాడు. "ముందు తాగండి. మీరేం అడిగినా కాదనేవాళ్ళెవరున్నారు ఈ ఇంట్లో?"

ఆరు చేతులు ఒక్కసారే కిందికి వెళ్ళాయి. ఆరుగురూ తాగేశారు. చల్లారిన కాఫీని అడుగు దాకా తాగి, ఖాళీ కప్పులు తివాచీ మీద బోర్లించారు.

"దేవుడు నీ ఇంటిని చల్లగా చూడాలి. మా ఆఘాను మాకిచ్చావు" అన్నాడు మీర్‌ఖాన్.

తేజేశ్వర్‌కు అర్థం కాలేదు. బోర్లించిన కప్పుల వైపూ ఆయన వైపూ చూశాడు.

"కోరిక ఉండి వచ్చినవాడు మాలో కాఫీ ముట్టడు నాయనా. ఇంటి పెద్ద 'సరే, తాగు' అంటే కోరిక తీరినట్టు. తాగమన్నాక ఇక వెనక్కి పోవడం లేదు. మేం దిలోవన్ కోసం వచ్చాం."

"నాకు తెలీదు! ఇంటి పెద్దని నేను కాదు!"

"ఎక్కడ కూర్చున్నావో చూసుకో" అన్నాడు మీర్‌ఖాన్. ఆ గొంతులో వెటకారం లేదు, అలసట ఉంది. "మాకూ ఇది ఇష్టమై కాదు. పై బీళ్ళు పోయాయి. ఈ ఏడు నీళ్ళ కోసం మాలో మేమే తలలు పగలగొట్టుకున్నాం. చెప్పేవాడు లేడు. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే సెరావీలనేవాళ్ళు ఉండరు."

అప్పుడే మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. షిలాన్ భుజం ఆసరాతో హాజీ దిగి వస్తున్నాడు. మోచేతికి ఇంకా కట్టు ఉంది. తన చోట్లో ఉన్న అల్లుణ్ణి చూశాడు, బోర్లించిన కప్పుల్ని చూశాడు. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. షిలాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తేజేశ్వర్ పరుపు మీద నుంచి దిగ్గున లేచాడు.

మీర్‌ఖాన్ కూడా లేచి నిలబడ్డాడు. "హాజీ, ఒక్క మాట చెప్పు. ఇతను నా ఇంటివాడు కాడు, పరాయివాడు అను. పరాయివాడి మాటకు విలువేముంది? మేం లేచి వెళ్ళిపోతాం. మళ్ళీ ఈ గడప తొక్కం."

తేజేశ్వర్‌కు ప్రాణం లేచి వచ్చింది. "అనండి మామయ్యా. నేను పరాయివాణ్ణే. మీ తెగ కాదు, మీ మతం కాదు. అనేయండి" అన్నాడు. నాలుగేళ్ళలో ఎన్నడూ మాట్లాడనంత శుద్ధమైన కుర్దిష్‌లో అన్నాడు.

మీర్‌ఖాన్ తేజేశ్వర్ వైపు తిరిగాడు. "నీ పెళ్ళికి ముందు మేం ఇదే గదిలో కూర్చున్నాం. పిల్లను బయటివాడికి ఇస్తే మా వరసలో కూర్చోనివ్వం అన్నాం. హాజీ లేచి, అతను నాకు కొడుకు, అతని మాట నా మాట, కాదన్నవాడు నా గడప దిగొచ్చు అన్నాడు. మేం ఒప్పుకున్నాం. ఆ మాట మీదే మీ పెళ్ళి జరిగింది. ఇప్పుడు అది అబద్ధమని చెప్పమను. చాలు."

షిలాన్ తండ్రి వైపు చూసింది. ఆమెకూ ఈ సంగతి ఇప్పుడే తెలిసింది. "అబద్ధమనండి నాన్నా. నా గురించి ఎవరేమనుకున్నా పర్లేదు. వాడి గురించి ఆలోచించండి" అంది ఏడుస్తూ.

హాజీ గోడ పట్టుకుని నిలబడ్డాడు. తేజేశ్వర్ ఆయన పెదాల వైపే చూస్తున్నాడు. ఇంతకాలం ఏ మాట వినాలని తపించాడో ఆ మాట ఈ మనిషి నోట రాకూడదని జన్మలో మొదటిసారి దేవుడికి మొక్కుకున్నాడు.

"అతను నా కొడుకే" అన్నాడు హాజీ.

పైన గరాజ్‌లో పాటలు ఆగిపోయాయి. దిలోవన్ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ మెట్లు దిగి వచ్చాడు. ఇంతమందిని చూసి నిలబడిపోయాడు. మీర్‌ఖాన్ ముందుకు వెళ్ళి, ఆయిల్ మరకల చేతిని అందుకుని ముద్దు పెట్టుకుని నుదుటికి తాకించుకున్నాడు. ఆయన వెనక రెండో ముసలాయన, ఆయన వెనక మూడో ముసలాయన. వాడు తెల్లబోయి ఒక్కొక్కరి మొహం చూశాడు. అక్క ఏడుస్తోంది. తండ్రి కళ్ళు మూసుకున్నాడు.

"బావా, ఏంటిది? వాట్స్ గోయింగ్ ఆన్?"

చెప్పడానికి ఇంకెవరూ లేరు. తేజేశ్వరే చెప్పాడు. "నిన్ను ఆఘాగా రమ్మంటున్నారు. మీ నాన్న ఒప్పుకున్నారు."

దిలోవన్ తండ్రి వైపు చూశాడు. హాజీ కళ్ళు తెరవకుండానే తలూపాడు. వాడి మొహం వెలిగిపోయింది. రెండంగల్లో వచ్చి తేజేశ్వర్‌ను గట్టిగా కావిలించుకున్నాడు.

"నువ్వే ఒప్పించావు కదా? నాకు తెలుసు. థాంక్స్ బావా."