రాతిరంగులో లీవెన్ దొర

మా గెంట్ నగరపు చిత్రకారుల సంఘంలో ఒక నియమం ఉండేది. చిత్రకారుడైన భర్తను కోల్పోయిన స్త్రీ స్వయంగా గీసిన తొలి పటాన్ని, గీయించుకున్నవారు స్వీకరిస్తేనే అతడి దుకాణం ఆమెకు దక్కుతుంది. నిరాకరిస్తే మూతపడుతుంది. అలా భర్త పోయిన మాక్టెల్డ్ విషయంలో ఆ తీర్పు చెప్పవలసిన సంఘపెద్దను నేనే.

ఆమె గీసినది ఆసుపత్రి ప్రార్థనామందిరానికి, తలుపులున్న పటం. పండుగనాడు తలుపులు తెరిస్తే లోపల నిండు రంగుల్లో మరియమాత, ఆమె పాదాల చెంత మోకరిల్లిన దాత, ధాన్యవర్తకుడు లీవెన్. తక్కిన దినాల్లో తలుపులు మూసి ఉంటాయి. వాటి మీద బూడిదవన్నె రాతిరంగులో ఒక పుర్రె, దాని ముందు ఒలికిన నాణేలు.

లీవెన్ చూసి మండిపడ్డాడు.

"డబ్బు నాది. ఏడాదంతా జనం చూసేది ఈ పుర్రెనా? తీసెయ్యి. అక్కడ నన్ను పెట్టు. లేదంటే ఈ పటం నాకొద్దు."

"బయటివైపు రాతిరంగు తప్ప వెయ్యకూడదు దొరా," అన్నది మాక్టెల్డ్.

"ఏ రంగైతే నాకేంటి? నా బొచ్చుకోటు, ఉంగరాలు, నా ముఖం అచ్చం దిగాలి. అంతే!"

ఆమె నా వంక చూసింది. దాత స్వీకరించి తీరాలన్న నియమం మార్చే అధికారం నాకు లేదన్నాను. ఆమె పుర్రెను గీకివేసి, అక్కడ లీవెన్‌ను రాతిరంగులోనే దించింది.

మందిరంలో పటం నిలబెట్టిన ఉదయం లీవెన్ పొగడ్తలు విందామని స్తంభం చాటున నిలిచాడు. చేపలమ్మే ముసలామె పటం ముందు ఆగి, శిలువ గుర్తు వేసుకున్నది.

"అయ్యయ్యో! లీవెన్ దొర ఎప్పుడు పోయాడే?"

"నాకూ తెలీదే. సమాధిరాయి మీద చెక్కినట్టే ఉన్నాడు, పాపం," అన్నది పక్కామె.

"పాపమేంటే? కరువులో గోధుమలు దాచేసి మన కడుపులు మాడ్చాడు. చూడు, ఉంగరాలు కూడా పట్టుకుపోయినట్టున్నాడు!"

"కొడుకులు పోనిస్తారా? ఈపాటికి పీకేసుంటారు!"

"నేను బతికే ఉన్నానే!" అని లీవెన్ ఇవతలికి దూకాడు.

ముసలామె కెవ్వుమని, తేరుకుని, "బతికుండగానే చచ్చినోళ్ళ రంగులో ఎందుకు నిలబడ్డావు బాబూ?" అని అడిగింది.

అతడు మాక్టెల్డ్ వద్దకు పరుగెత్తాడు. "చెరిపెయ్యి తల్లీ! ఆ పుర్రెనే పెట్టెయ్యి!"

ఆమె ముఖం మాత్రమే గీకింది. కోటు, ఉంగరాలు, జోడించిన చేతులు అలాగే ఉంచి, కోటు మెడపై పుర్రె గీసింది. నా ఎరుకలో మా ఊరి చిత్రకారుడెవడూ అంతటి పుర్రెను గీయలేదు.

"కోటు నాదే కదమ్మా?" అని లీవెన్ నసిగాడు.

"ఊళ్ళో అలాంటి కోట్లు చాలామందికున్నాయి దొరా. మీ ముఖమే మళ్ళీ పెట్టనా?"

"వద్దొద్దు! బాగుంది. చాలా బాగుంది!"

"అయితే స్వీకరించినట్టేనా?" అని సంఘపెద్దగా అడిగాను.

"స్వీకరించానయ్యా, స్వీకరించాను!"

ఎర్రగా కాల్చిన సంఘముద్రను అప్పుడే పటం వెనుక చెక్కపై అదిమాను.

ఆ సాయంత్రం మాక్టెల్డ్ తన పేరున్న పలకను దుకాణం గుమ్మానికి కట్టింది. వీధి నిండా ఆడవాళ్ళే.

"ఇంకా పైకి కట్టమ్మా! నది అవతలికి కనపడాలి!" అని చేపల ముసలామె అరిచింది.

నా హోదాకు తగిన పని కాదు గాని, నిచ్చెన నేనే పట్టుకున్నాను.