మా వైపు ఎవరికీ లేదండీ

మా అమ్మాయికి ఆరేళ్ళు. రెండేళ్ళుగా అది నా పక్కన పడుకోలేదు.

దిండ్లు, పరుపులు కుట్టడం నా పని. వీధి వైపు గదే నా కొట్టు. పిల్లకు ఆయాసం మొదలైనప్పుడు డాక్టరు, "ఇంట్లో ఇంకెవరికైనా ఆస్తమా ఉందా? తల్లిదండ్రుల నుంచి కూడా రావచ్చు" అన్నారు. మా ఆయన ఠక్కున, "మా వైపు ఎవరికీ లేదండీ. ఈవిడే రోజంతా దూదిలో ఉంటుంది" అన్నాడు. అంతే, నేరం నా నెత్తిన పడింది. అత్తయ్య పిల్లను తన గదిలోకి మార్చేసింది. నేను దగ్గరికెళ్తే, "ఒంటి నిండా దూదే, దూరం దూరం" అనేది. నిజమే కాబోలని నన్ను నేనే తిట్టుకున్నాను. ఛీ, ఎంత వెర్రిదాన్ని!

నిన్న మా ఆడపడుచు వచ్చింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పిల్ల మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతుంటే అత్తయ్య మందు పీల్పించింది. ఆడపడుచు దాని వీపు నిమురుతూ నవ్వింది.

"అచ్చం మీ నాన్నే! పదేళ్ళొచ్చేదాకా వాడి గుండెల్లోనూ ఇవే పిల్లికూతలు. మా నాన్నకైతే పోయేదాకా."

"ఆస్తమానా వదినా?"

"అమ్మో, ఆ పేరెత్తితే మా అమ్మ ఊరుకుంటుందా? మా ఇంట్లో పిల్లికూతలనే అనాలి."

అత్తయ్యకు ఉన్నట్టుండి వంటింట్లో పని గుర్తొచ్చింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మా ఆయన లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

"ఎక్కడికి? కూర్చోండి. ఆ రోజు డాక్టరు అడిగితే మీ నాలుకేమైంది?"

"పెళ్ళప్పుడే మీ వాళ్ళకు చెప్పలేదు కదా. డాక్టరు ముందు చెబితే అదంతా బయటపడుతుందని..." నసిగాడు. "అయినా దూది దుమ్ము మంచిదా ఏంటి?"

"కాదు. అందుకేగా తలుపు మూసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని కుడుతున్నాను! దుమ్మయితే దులుపుకుంటా. మీరు చేసిన మోసం ఎక్కడ దులుపుకోను?"

ఆయన తల దించుకున్నాడు. నాకు జాలి వేయలేదు. నమ్మించి గొంతు కోశాడు. తన రక్తంలో ఏముందో తెలిసీ, నా బిడ్డను నాకు కాకుండా చేశాడు.

"దా తల్లీ, ఇవాళ్టి నుంచి నా దగ్గరే పడుకుందువు గాని" అని చేతులు చాచాను.

అది నవ్వుతూ పరుగెత్తుకొచ్చింది. రెండడుగుల దూరంలో ఆగిపోయి, చేతులు వెనక్కి పెట్టుకుంది.

"స్నానం చేశావా అమ్మా?" అంది.