లైనులో పట్టని ఎలుకలు

నాకు తొందరెక్కువ. నారాయణగూడ కాలేజీలో ముప్ఫై ఏళ్లు బోటనీ చెప్పి రిటైరయ్యాక, అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే పిల్లల కోసం సైన్స్ బిట్లు రాస్తున్నాను. ఇంగ్లిష్ పరిశోధన పత్రం ఏదైనా దొరికితే ఫోనులో ఏఐకి ఇస్తాను. అది తేటతెలుగులో పేజీడు చెబుతుంది. నేను దాన్ని ఒక్క లైనుకు కోస్తాను. లైను దాటితే అశోక్‌నగర్‌లో ఎవరూ చదవరు మరి.

మా సందు మొదట్లో కురుమమ్మ ఇడ్లీ బండి. పిల్లలు ప్లేటు చేత్తో పట్టుకునే బిట్లు వల్లెవేస్తుంటారు. ఆమెకు చదువు రాదు గానీ, వినీ వినీ సగం సిలబస్ నోటికొచ్చేసింది. "సారూ, చంద్రుని మీద నీళ్లున్నయని ఈడికెల్లి ఎట్ల ఎరికైంది?" అని అడిగితే నేను మురిసిపోయి అరగంట చెప్పేవాణ్ణి.

ఒక బుధవారం వెళ్లేసరికి ఆమె స్టూలు మీద కూలబడి ఉంది. ఒళ్లంతా చెమటలు.

"షుగర్ మూడొందల ఎనభై అంట సారూ. గోలీలు బంద్ చేసిన గద."

"ఎందుకు మానేశావమ్మా?"

"మీ బిట్టే గద! నేరేడు గింజల పొడి షుగరును తగ్గించును. పిల్లలు రోజూ చదువుతున్రు. నెల దినాలు గదే తిన్న."

వెంటనే ఆటో పిలిచి దోమలగూడలో డాక్టరు దగ్గరికి బయల్దేరదీశాను. దారిలో ఫోను తీసి పాత జవాబు వెతికాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు ఏఐ మీదికి నెడదామనే చూశాను. కానీ అది అంతా చెప్పింది: ప్రయోగం ఎలుకల మీదే జరిగిందని, మనుషుల్లో ఇంకా చూడలేదని, మందులు మానకూడదని. ఆ మూడు వాక్యాలూ కోసింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. అదే ఆమెకు చెప్పేశాను.

ఆమె తిట్టలేదు. ఆలోచనలో పడింది.

"ఎలుకలకు షుగర్ ఎట్లొచ్చింది సారూ?"

"మందిచ్చి తెప్పించారు."

"ఎన్ని దినాలు తినవెట్టిన్రు?"

ఫోనునే అడిగాను. ఇరవై ఎనిమిది రోజులంది.

"ఆ తర్వాత ఎలుకలు ఏమైనయి?"

జవాబు చూసి ఫోను పక్కకు తిప్పేశాను. "చెప్పున్రి సారూ, జర" అంది.

"లోపల ఎలా ఉందో చూడటానికి చంపేశారు."

కురుమమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. "నేను ముప్ఫై దినాలు తిన్న సారూ" అంది.

డాక్టరు మళ్లీ మాత్రలు మొదలుపెట్టించాడు. వారానికల్లా ఆమె బండి దగ్గర నిలబడింది. ఇప్పుడు నా బిట్లు మూడేసి లైన్లు. పిల్లలు గొణుగుతున్నారు, గొణగనీ. అచ్చుకిచ్చే ముందు ప్రతిదీ బండి దగ్గర పైకి చదువుతాను. కురుమమ్మ గరిటె పక్కన పెట్టి మొదట ఒకటే అడుగుతుంది.

"ఎవరి మీద చూసిన్రు సారూ?"