జూలీకి పుట్టని పిల్లలు

కుక్క ఈనలేదు మొర్రో అని ఎంత మొత్తుకున్నా పూర్ణచంద్రరావు గారు వింటేనా! ఈనని కుక్కకి పాలెట్టా వస్తాయే, నేనేమన్నా వెర్రివెధవలా కనపడుతున్నానా అని నా మీద ఇంతెత్తున లేచాడు. ఆయనది పత్తి జిన్నింగు మిల్లు. మా ఆయన యేసుపాదం అక్కడ వాచ్‌మేను. మిల్లు గోడ పక్కనే రేకుల గదిలో ఉంటాం. ఉద్యోగం పోతే ఆ గదీ పోతుంది, మాకు వేరే కొంప లేదు.

జూలీ ఆయన కుక్కే. తాడేపల్లిలో స్నేహితుడి మగకుక్క దగ్గరికి కారులో తీసుకెళ్ళి జత కట్టించి, దాన్ని మాకు అప్పగించి హైదరాబాదు పోయాడు. పోతూ పోతూ, పుట్టబోయే పిల్లల్ని ఊళ్ళో పెద్దమనుషులకి పంచిపెడతానని మాటిచ్చేశాడు కూడా. దాని పొట్ట పెరిగింది, పాలు దిగాయి. పత్తి బోరాల సందులో చోటు చేసుకుని, మా ఆయన పాత చెప్పును పొట్ట కింద పెట్టుకుని పడుకునేది. దగ్గరికెళ్తే గుర్రుమనేది. పిల్ల మాత్రం ఒక్కటీ పుట్టలేదు. పొట్ట దానంతటదే తగ్గిపోయింది.

పశువుల డాక్టరు గారు చూసి, ఇది ఉత్తుత్తి చూలు, కడుపులో ఏమీ లేకపోయినా కుక్కలకి ఇట్టా అవుతుంది, పాలు వాటంతటవే ఇంకిపోతాయి అన్నాడు. ఊరినుంచి వచ్చిన ఓనరు గారికి ఆ మాటే చెబితే నవ్వాడు. డాక్టర్ని బాగానే మంచి చేసుకున్నార్రా అన్నాడు. దాచిన పిల్లల్ని తెచ్చేదాకా ఇద్దరం కలిసి గేటు దాటకూడదంట. ఒకళ్ళు బజారుకెళ్తే ఒకళ్ళు లోపలుండాలంట. ఆదివారానికి పిల్లలు కనపడకపోతే స్టేషన్లో అప్పజెబుతానన్నాడు. లేని పిల్లల్ని ఎక్కణ్ణించి తెస్తామయ్యా? పారిపోదామన్నా ఒకళ్ళు లోపలే ఉండిపోవాలి.

శనివారం మా ఆయన తువ్వాలులో ఏదో చుట్టుకొచ్చాడు. విప్పితే కుక్కపిల్లలు, మూడు, ఇంకా కళ్ళు తెరవలేదు. వాటి తల్లి హైవే మీద లారీ కింద పడి చచ్చిందంట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటిదాకా మనం దొంగలం కాదు, వీటిని జూలీ పిల్లలని చూపిస్తే అవుతాం అని చెడామడా తిట్టా.

"మరేం చెయ్యమంటావే? నిజం చెప్పి చూశాంగా" అన్నాడు.

జూలీ ఆ చెప్పు అవతల పడేసి, మూడింటినీ శుభ్రంగా నాకి పాలిచ్చింది. అవి గుటకలు వేస్తుంటే నా గుండె కాస్త కుదుటపడింది. అబద్ధమైతే అయింది, బతుకు నిలబడితే చాలనుకున్నా.

ఆదివారం ఓనరు గారు వచ్చి వంగి చూశాడు. మొహం చాటంతైంది. దాచిపెట్టి ఇన్నాళ్ళూ నాటకాలాడారన్నమాట అన్నాడు. మా ఆయన తలొంచుకుని, తప్పయిపోయింది బాబుగారూ, ఈసారికి క్షమించండి అన్నాడు. చెయ్యని తప్పు మా ఆయన ఒప్పుకుంటుంటే నేనూ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డా.

ఓనరు గారు ఒక్కొక్క పిల్లనీ ఎత్తి చూసి కింద పెట్టాడు. తర్వాత బోరాల వెనకా, మా గదిలోకీ తొంగి చూశాడు.

"మూడే ఉన్నాయేంరా? మిగతావి ఎవరికమ్మావు?"

మా ఆయన నా వంక చూశాడు.

"ఇంకేం లేవండి బాబుగారూ" అన్నాను.

"మొన్న కూడా నువ్విదే మాట చెప్పావు గదే" అన్నాడాయన.