కాళ్లకు తగిలిన చలి

నేను ఒక నీలంరంగు గ్యాస్ సిలిండరును. ఇళ్లకు వెళ్లే ఎర్రవి వేరే; నాది హోటళ్లకూ పెళ్లివంటలకూ తిరిగే బతుకు. ఉక్కురేకును రెండు గిన్నెల్లా వంచి, నడుముకు వెల్డింగు పెట్టి, పగులుతానేమోనని నీళ్ల ఒత్తిడితో పరీక్షించి, కడుపులో ప్రొపేనూ బ్యూటేనూ కుక్కారు. ఆ గ్యాసుకు పుట్టుకతో రంగూ లేదు, వాసనా లేదు. కారితే తెలియాలని ముక్కు పగిలే కంపును అందులో కలిపారు. ఇక భారమంతా ముక్కులదే అనుకుని మనుషులు నిశ్చింతగా ఉన్నారు.

ఒక టీకొట్టు, ఒక హాస్టలు, ఒక మిఠాయి దుకాణం. అన్నిచోట్లా నన్ను నిలబెట్టే ఉంచారు. నరసరావుపేటలో ఒక పెళ్లిహాలుకు వచ్చాకే పడుకోబెట్టారు. అక్కడి వంటిల్లు సెల్లారులో ఉంది. బియ్యం బస్తాలకు చోటు చాలక నన్ను గోడవారన అడ్డంగా దొర్లించారు. నా నోటికి ఉండాల్సిన తెల్లమూత అప్పటికే ఎవరో పారేశారు.

అక్కడ పెద్ద వంటమనిషి కోటిరత్నం. ఇరవై ఏళ్లుగా గరిటె పట్టిన చెయ్యి. రెండేళ్ల కిందట ఆమెకు వచ్చిన జ్వరం పోతూపోతూ వాసన తీసుకుపోయింది. ఎవరూ లేనప్పుడు పులుసుగిన్నె మీదికి వంగి, ఊపిరి గట్టిగా లాగి, తల అడ్డంగా ఊపుకోవడం నేను చూశాను. ఉల్లిపాయ రంగు చూసి, తిరగమోత చిటపట విని నెట్టుకొచ్చేది. బయటపడితే పని పోతుందని ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం పైన మొదటి బంతి భోజనాలు సాగుతున్నాయి. పొయ్యిలన్నీ ఆర్పేసి, వడ్డించేవాళ్లంతా పైకి వెళ్లారు. కాఫీకి పాలు పెడదామని కోటిరత్నం ఒక్కతే మిగిలింది. అంతకుముందు ఎవరో బస్తా ఈడ్చినప్పుడు అది నా వాల్వుకు ఒత్తుకుని, లోపలి పిన్ను ఇసుక పడి తెరుచుకునే ఉండిపోయింది. నేను పడుకుని ఉన్నాను గనుక బయటికి వచ్చింది ఆవిరి కాదు, ద్రవం. అది గరిటెడు కారితే గాలిలో బిందెడవుతుంది. గాలికన్నా బరువు కూడాను, కిటికీలోంచి ఎగిరిపోదు. నేలబారుగా పాకి, గుంట వెతుక్కుని కూర్చుంటుంది. ఆ సెల్లారే ఒక పెద్ద గుంట.

ఆమె పాలగిన్నె పొయ్యి మీద పెట్టింది. లైటరు తీసింది. నాకున్న గొంతల్లా సన్నటి బుస ఒక్కటే. అది సన్నాయి మోతలో కలిసిపోయింది.

బొటనవేలు లైటరు మీద ఆనించబోతుండగా ఆమె పాదాలకు చలి తగిలింది. మే నెల, పైగా వంటిల్లు! కిందికి చూసింది. నేలమీద తెల్లటి పొగ పాకుతోంది. నా మెడచుట్టూ మంచు కట్టింది. ఆమె లైటరును నొక్కకుండా, కోడిగుడ్డును పట్టుకున్నట్టు మెల్లగా గట్టు మీద పెట్టింది.

అంతలో హాలు మేనేజరు సుభానీ మెట్లు దిగాడు.

"ఏంది కోటిరత్నమక్కా ఈ కంపు! ఉండు, ఫ్యాను వేస్తా."

"స్విచ్చి ముట్టుకోమాక!" ఆ కేకకు అతని వేలు బోర్డుకు బెత్తెడు దూరంలో ఆగిపోయింది. "ఫోనూ తియ్యమాక. ఆ తలుపులు బార్లా తెరిచి, పైన జనాన్నంతా రోడ్డుమీదికి తోలు. అక్కడికి పోయాక ఫైరింజనుకు చెప్పు."

"మరి నువ్వు?"

"దీన్ని నిలబెట్టి వస్తా. పో!"

తడిగోనె చేతులకు చుట్టుకుని నన్ను కౌగిలించుకున్నట్టు పట్టుకుంది. మొదటిసారి జారిపోయాను. నేల గీసుకుంటే నిప్పురవ్వ లేస్తుందేమోనని నాకే భయమేసింది. రెండోసారి మోకాలు ఆనించి నిలబెట్టింది. ద్రవం కారడం ఆగి, బుస సన్నబడింది. పక్క సిలిండరుకు వేలాడుతున్న మూత తెంపి నా నోటికి బిగించింది. నిశ్శబ్దం. ఆమె వేళ్ల కొసలు చలికి కాలి తెల్లగా పాలిపోయాయి.

ఫైరు సిబ్బంది గాలి పరీక్షించి, ఇక భయం లేదన్నాక వాళ్ల అధికారి అడిగాడు. "అంత కంపులో పాలెట్టా పెట్టావమ్మా?"

ధైర్యశాలివని అప్పటికే అందరూ పొగుడుతున్నారు. ఆమె ఊరుకుంటే సరిపోయేది.

"నాకు వాసన తెలవదయ్యా," అంది. "రెండేళ్లయింది."

సుభానీ మండిపడ్డాడు. "మూడొందల మంది ఉన్నారక్కా పైన! ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే ఉంచుకునేవాడివా?"

అతను వంగి, ఆమె పాలిపోయిన వేళ్లకు తన చేతిగుడ్డ చుట్టాడు.

నన్ను కంపెనీకి పంపితే వాల్వు మార్చి, మళ్లీ పరీక్షించారు. ఆర్నెల్లకు తిరిగి ఆ హాలుకే వచ్చాను. ఇప్పుడు మా చోటు వెనక ఆరుబయట, రేకుల నీడలో, ఇనుపజాలి వెనక. అందరం నిటారుగా, గొలుసుకు కట్టుబడి ఉన్నాం. వంటిల్లు కూడా సెల్లారు వదిలి మా ఎదుటి గదికి మారింది.

రోజూ పొద్దున్నే సుభానీ వస్తాడు. పొయ్యిల కింద, గొట్టాల వెంట, మురుగుతూము దగ్గర వంగి వంగి వాసన చూస్తాడు. కోటిరత్నం చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. అతను నడుం పట్టుకుని లేచి, "వెలిగించక్కా," అంటాడు.