బల్ల కింద సమానత్వం

మా న్యూజిలాండ్ ప్రభుత్వం నుంచి వచ్చిన టెలిగ్రాంలో రెండే ముక్కలున్నాయి: చైనావాళ్ల ముందు తగ్గకండి, వాళ్లను తగ్గించకండి. విందులో తీసే ఫొటో అమెరికావాళ్లూ చూస్తారు మరి.

పెకింగులో గ్లాసులు తాకించేటప్పుడు ఎవరి అంచు కింద ఉంటే వాళ్లు తగ్గినట్టు. అందుకని మా రాయబారి హాల్వర్త్ గారి చేత మధ్యాహ్నమంతా టీ కప్పులతో సాధన చేయించాను. తేడా వస్తే చైనాకు మా ఉన్ని అమ్మే ఒప్పందం పోతుంది, దాంతోపాటు దుభాషిగా నా ఉద్యోగమూ పోతుంది. ఆ ఊరు వదలడం నాకు చచ్చినా ఇష్టం లేదు. 1979లో అక్కడ రోజుకో తలుపు తెరుచుకుంటోంది, ఊరికే వీధిలో నడిచినా హుషారెక్కేది.

విందులో ఉపమంత్రి చియావ్ గారు గ్లాసు చాపారు. అంచులు సమానం. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. అంతలో చియావ్ గారు అతిథి మర్యాదగా గ్లాసు కాస్త దించారు.

పిలిచినవాళ్లు కూడా తగ్గుతారని మా సారుకు చెప్పడం మరిచిపోయాను.

హాల్వర్త్ గారు గొర్రెలు పెంచే ఇంట పుట్టిన మొహమాటస్తుడు. ఆయనా దించారు. చియావ్ గారు ఇంకాస్త దించారు. గ్లాసులు బల్ల దిగిపోయాయి. ఆరడుగుల మా సారు మోకాళ్ల మీద కూలబడ్డారు, చియావ్ గారు గొంతుక్కూర్చున్నారు, ఇద్దరూ బల్లగుడ్డ కింద మాయమయ్యారు. దుభాషిని కదా, నేనూ దూరాను.

"ఇంక దిగుదామంటే నేల అడ్డమొచ్చిందండీ," అన్నారు చియావ్ గారు.

"ఓ పార ఇప్పించండి, తవ్వుతాను," అన్నారు మా సారు.

అనువదిస్తుంటే నాకు నవ్వాగలేదు. వాళ్లకూ ఆగలేదు.

"తగ్గొద్దు, తగ్గించొద్దు అని మా పైవాళ్లు మరీ మరీ చెప్పారు," అంటూ చియావ్ గారు కళ్లు తుడుచుకున్నారు. "గ్లాసు దించాక గుర్తొచ్చింది. ఇప్పుడేమో మోకాళ్లు పట్టేశాయి."

"మీరు తరవాత లేద్దురుగాని, ముందు గ్లాసులు లేపండి," అన్నాను. ఆ పూట నేను మాట్లాడిన సొంత మాట అదొక్కటే.

రెండు అంచులూ నేనే కలిపి పట్టుకుని సరిచూశాను. రెండు చేతులూ అలాగే బల్ల పైకి లేచాయి. కెమెరా మెరిసింది.

మర్నాడు పత్రికలో తెల్లటి బల్లగుడ్డ, రెండు చేతులు, సమానంగా రెండు గ్లాసులు. మూడోనాడు ఉన్ని ఒప్పందం మీద సంతకాలు. ఆ వెనకే మా ప్రభుత్వం నుంచి టెలిగ్రాం: "అంచులు భేష్. రాయబారి ఏరి?"

"ఉపమంత్రిగారితో సమానమైన ఎత్తులోనే ఉన్నారు," అని జవాబు పంపాను. నన్ను మరో మూడేళ్లు అక్కడే ఉంచారు.